మహారాజశ్రీ వేట నిబంధనల పుస్తకం గారికి

మహారాజశ్రీ వేట నిబంధనల పుస్తకం గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరి పుణ్యాన కొన్ని బాతులూ కొన్ని దుప్పులూ కూడా క్షేమం. దేశానికో ముద్రణ, రాష్ట్రానికో అనుబంధం, ఏటా సవరణలు. తమరు లావెక్కుతున్నందుకు సంతోషమే. తమరిని చదివి నవ్వేవాళ్లు ఎక్కువ, నవ్వాక మళ్లీ చదివేవాళ్లు తక్కువ. మేము రెండో రకం.

ముందుగా ఆ పుల్ల సంగతి. అమెరికాలో వలస పక్షుల మీదికి షాట్‌గన్ ఎత్తాలంటే అందులో మూడు తూటాలకు మించి పట్టకూడదు. పేల్చే గదిలో ఒకటి, తూటాలు నిలవుండే మేగజీన్ గొట్టంలో రెండు. 1935 నుంచీ ఇదే మాట. అంతకన్నా ఎక్కువ పట్టే తుపాకీ ఉన్నవాడు గొట్టం మూత విప్పి, స్ప్రింగు మధ్యలోకి ఒక పుల్ల దించి, మళ్లీ మూత బిగించాలి. ఆ పుల్ల ఏకఖండంగా ఉండాలి, తుపాకీని విప్పితే తప్ప బయటికి రాకూడదు. పని ఇంతే, కానీ బోల్తా పడేదీ ఇక్కడే. మూడున్నర అంగుళాల తూటాలతో కొలత చూసుకుని పుల్ల కోస్తారు. రెండే పట్టాయి, హమ్మయ్య అనుకుంటారు. వేటను తనిఖీ చేసే వార్డెన్ వచ్చి రెండు ముప్పావు అంగుళాల పొట్టి తూటాలు తోసి చూస్తాడు. గొట్టంలో కాస్త వదులుంటే చాలు, మూడోది దర్జాగా లోపలికి పోతుంది. జేబులో పొట్టి తూటా ఒక్కటీ లేదని మొత్తుకుని లాభం లేదు. ఎన్ని నింపావని తమరు అడగరు, ఎన్ని పడతాయనే అడుగుతారు.

పోనీ పుల్ల దించేశాక నిశ్చింతా అంటే అదీ లేదు. అదే తుపాకీ, అదే పొలం, బాతు లేస్తే పుల్ల ఉండాలి. చాలా రాష్ట్రాల్లో అదే పొదలోంచి ఫెజెంట్ అనే వలసపోని కోడిజాతి పక్షి లేస్తే అక్కర్లేదు. ఇక మంచు బాతులది మరో కథ. అవి మితిమీరి పెరిగి ఆర్కిటిక్ గడ్డిని వేళ్లతో సహా పెకలించి తినేస్తున్నాయని 1999లో వాటి కోసం ప్రత్యేక ఉత్తర్వు తెచ్చారు. మిగతా బాతుల సీజన్ మూసేశాక వాటి మీదికి పుల్ల పీకేసి వెళ్లొచ్చు, ఎలక్ట్రానిక్ కూతలు కూడా పెట్టుకోవచ్చు. అరవై ఏళ్లకు పైగా దాచిన సంయమనమంతా ఒక్క తెల్ల బాతు కోసం విప్పేశారు.

మేత విషయంలో తమరి జ్ఞాపకశక్తి అమోఘం. గింజలు చల్లి పక్షుల్ని రప్పించి కొట్టకూడదు, సరే. చల్లిన గింజల్ని ఆఖరిదాకా ఏరేసినా ఇంకో 10 రోజులు ఆ చోటు మైలపడినట్టే. ఎందుకంటే మేత పోయినా పక్షికి అలవాటు పోదు, అక్కడికే వస్తుంది. ఇంతవరకూ సబబే. ఆపైన చిక్కుముడి మొదలు. పండిన చేలోనే పొద్దుతిరుగుడు నరికి పడేస్తే దాని మీద వాలే గువ్వల్ని కొట్టొచ్చు, బాతుల్ని కొట్టకూడదు. నరకకుండా నిలబడ్డ పైరులోకి నీళ్లు పెడితే బాతుల్నీ కొట్టొచ్చు. అదే గింజను బస్తాలో తెచ్చి పోస్తే గువ్వా లేదు బాతూ లేదు. 1998 దాకా అయితే చాలా కోర్టుల్లో మేత ఉందని తెలియదన్న మాటకే విలువ లేదు. ఆ ఏడు చట్టం సవరించాక, తెలిసుండాలా లేదా అన్న విచారణకైనా చోటు దొరికింది. అందుకే బుద్ధిమంతుడు తుపాకీ తీసే ముందు చేనంతా నడిచి నేల చూస్తాడు, చేను ఎప్పుడు కోశారో అడుగుతాడు, ఒకేచోట కుప్పగా గింజలు కనిపిస్తే వచ్చిన దారినే వెళ్లిపోతాడు.

తమరి మూసలో మూస్ అనే పెద్ద దుప్పి కూడా ఇరుక్కుంది. అలాస్కాలో చాలాచోట్ల మగ మూస్‌ని కొట్టాలంటే కొమ్ముల వెడల్పు 50 అంగుళాలైనా ఉండాలి, లేదా ఒక పక్కనైనా నుదుటి దగ్గర ముందుకు పొడుచుకొచ్చే కొనలు మూడో, ప్రాంతాన్ని బట్టి నాలుగో ఉండాలి, లేదా ఒక కొమ్ముకైనా ఒకటి రెండు కొనలే ఉన్న కుర్రది కావాలి. అంటే కుర్రాణ్ణి కొట్టొచ్చు, పెద్దాణ్ణి కొట్టొచ్చు, నడీడువాడికి అభయం. మందకు దూడల్నిచ్చే మగవి మిగలాలనే ఈ ఏర్పాటు. ఆలోచన బంగారం. అమలే అడవిలో, పొదల చాటున, తల పక్కకు తిప్పుకున్న జంతువు మీద. దూరం నుంచి 50 ఏదో 48 ఏదో చెప్పగలిగినవాడు లేడు. కొమ్ముల్ని కొలిచేది చచ్చాకే. పైగా ఎండేకొద్దీ అవి ముడుచుకుంటాయి. తెలిసినవాళ్లు వెడల్పు జోలికి పోరు, నుదుటి కొనలు లెక్కపెడతారు. వెడల్పు ఊహ, కొనలు లెక్క. అక్కడా మెలికుంది: కొన అనిపించుకోవాలంటే అంగుళమైనా పొడవుండాలి, వెడల్పు కన్నా పొడవు ఎక్కువుండాలి. బుడిపెలు లెక్కలోకి రావు.

కొట్టాక కథ ముగుస్తుందా? మగదానికే అనుమతి ఉన్నచోట మగతనానికి రుజువు మాంసాన్ని సహజంగా అంటిపెట్టుకునే ఉండాలి. కొమ్ములు చూపిస్తే చాలదంటారు తమరు. కారిబూ జాతి దుప్పుల్లో ఆడవాటికీ కొమ్ములుంటాయి, నిజమే. మూస్ ఆడదానికి ఉండవు కదా అంటే తమరికి వినపడదు. అన్నట్టు, తినదగ్గ మాంసం ఆఖరి మోతకు ముందు కొమ్ములు కదలకూడదు. ఈ ఒక్క వాక్యానికి మాత్రం వెటకారం లేకుండా దండం పెడతాం.

తమరికి జంతువు కనపడదు. టేపుకీ గడియారానికీ హద్దు రాయికీ అందేదే కనపడుతుంది. తెల్లారకముందే బురదలో ఒంటరిగా నిలబడే వార్డెన్ చేతిలో ఉండేవి అవే మరి. గడియారం మాటకొస్తే, అమెరికాలో వలస పక్షులకు సూర్యోదయానికి అరగంట ముందే పగలు మొదలై సరిగ్గా సూర్యాస్తమయానికి ముగుస్తుంది. జర్మనీలో దుప్పులకు సూర్యుడు దిగిన గంటన్నరకు గాని రాత్రి కాదు. అడవిపందికైతే ఆ రాత్రి నిషేధమూ లేదు. ఇటలీలో మంగళవారం, శుక్రవారం తుపాకీకి సెలవు. ఎవరు ఎంచారో గాని, పంచాంగం చూసే ఎంచినట్టున్నారు. ఇంగ్లండులో 1831 నాటి చట్టం ప్రకారం ఆదివారం, క్రిస్మస్ రోజున ఫెజెంట్ క్షేమం. పెన్సిల్వేనియా 2025లో ఆదివారపు నిషేధం పూర్తిగా ఎత్తేసేదాకా, దశాబ్దాలపాటు దాదాపు ప్రతి ఆదివారమూ దుప్పికి విశ్రాంతి, కాకికి మాత్రం లేదు.

నారింజ చొక్కా గురించి ఒక్క మాట. కొలరాడోలో రైఫిల్‌తో దుప్పి వేటకు వెళ్లేవాడి నడుము పైన 500 చదరపు అంగుళాల మెరిసే నారింజ ఉండాలి, పెన్సిల్వేనియాలో 250 చాలు. 2016లో విస్కాన్సిన్, కొలరాడో గులాబీకీ ఒప్పుకున్నాయి. దుప్పికి ఆ రంగు తెలియదు, ఎరుపును పట్టే కణాలు దాని కంటిలో లేవు. తోటి వేటగాడికి కనపడాలనే ఇదంతా. అయితే తెల్లగా మెరిపించే సబ్బుపొడితో ఆ చొక్కా ఉతికితే చెడ్డ చిక్కు. అతినీలలోహిత కాంతికి మెరిసే ఆ పొడిని దుప్పి కన్ను బాగానే పడుతుంది.

ఇక చిట్టెలుక వ్యాజ్యం. ఇంగ్లండు, వేల్స్‌లలో 2004 చట్టం కుక్కలతో అడవి జంతువుల్ని వేటాడటం నిషేధించి, ఎలుకలకూ కుందేళ్లకూ మినహాయింపు ఇచ్చింది. చిట్టెలుక పేరు రాయలేదు. అంటే కుక్కను ఎలుక మీదికి ఉసిగొల్పితే పుణ్యం, చిట్టెలుక మీదికి ఉసిగొల్పితే నేరం. కుక్క తనంతట తాను తరిమితే ఎవరిదీ తప్పు కాదు. పిల్లి ప్రసక్తే లేదు. నక్కను పొదలోంచి లేపి తుపాకీకి అప్పగించాలంటే రెండు కుక్కలకు మించకూడదు. డేగజాతి పక్షికి అప్పగిస్తామంటే ఎన్ని కుక్కలైనా సరే. ఆ వాక్యం కనిపెట్టగానే కొన్ని వేట బృందాలు గద్దను వెంటబెట్టుకుని బయల్దేరాయి. భారతదేశంలో మరోలా జరిగింది. 1972 వన్యప్రాణి చట్టం ఐదో షెడ్యూలులో కాకి, పండ్లు తినే గబ్బిలం, ఎలుక, చిట్టెలుక హానికర జంతువులుగా ఉండేవి. 2022 సవరణ ఆ షెడ్యూలునే ఎత్తేసింది. కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే ఒక జంతువు కొంత కాలం, కొన్ని జిల్లాల్లో హానికరం అవుతుంది. 2015లో బీహార్‌లో నీలుగాయికీ అడవిపందికీ అలాగే ఇచ్చారు. అడవి లోపల రక్షిత ప్రాణి, గట్టు దాటి చేలోకి దిగితే హానికారి. పందికి ఆ గట్టు ఎక్కడుందో చెప్పే బాధ్యత ఎవరిదో తమరు రాయలేదు.

టెక్సస్ 2011లో పందుల్ని హెలికాప్టర్ నుంచి కొట్టనిచ్చి, 2017లో వేడిగాలి బెలూన్ నుంచీ కొట్టనిచ్చింది. హెలికాప్టర్ మోతకు పంది పారిపోతుంది, బెలూన్ దాదాపు నిశ్శబ్దం. కానీ బెలూన్‌కు స్టీరింగు లేదు. నేల యజమానుల అనుమతి ముందే రాయించుకోవాలి, గాలి ఎటు తోస్తుందో మాత్రం ఎవరి దగ్గరా రాయించుకోలేం.

ఈ ఉత్తరానికి, అమెరికాలో బాతుల వేటకు కొనాల్సిన తమరి బాతు స్టాంపే అంటిద్దామనుకున్నాం. 1934లో ఒక డాలరుండేది, ఇప్పుడు 25. బొమ్మ బాగుంది, జిగురూ బాగుంది. తీరా చూస్తే తపాలాకు చెల్లదట. వేటకు చెల్లాలన్నా దాని ముఖాన సిరాతో సంతకం గీకి పాడుచేయాలట. మామూలు స్టాంపే అంటించాం, సంతకం కిందే పెడుతున్నాం.

ఇట్లు,
తమరి విధేయులు,
టేపు, గడియారం, పుల్ల ముక్క సంచీలో వేసుకున్నాకే తుపాకీ వెతుక్కునేవాళ్లు