ఓడిందా, ఓడించారా?

శ్రీకాకుళంలో ఒక ఇల్లు. టీవీలో అమెరికా కుస్తీ షో డబ్ల్యూడబ్ల్యూఈ నడుస్తోంది. రింగులో ఆడవాళ్ళకీ, అన్ని దేశాలవాళ్ళకీ సరైన చోటు ఇవ్వాలంది మేనకోడలు. విజయనగరం నుంచి వచ్చిన మావయ్యకి అది నచ్చలేదు.

మావయ్య: కుస్తీలో దేశమేంటి తల్లీ? బలమున్నవాడు గెలుస్తాడు. కోడి రామ్మూర్తి నాయుడికి ఎవరైనా కోటా ఇచ్చారా?

కోడలు: ఆయనది నిజం కుస్తీ. ఇది రాసుకున్న కుస్తీ. ఎవరు గెలవాలో ముందే తేల్చేస్తారు. నిజం పోటీలో ఓడితే బలం చాలలేదనుకుంటాం. ఇక్కడ ఓడితే, ఓడించాలని ఎవరో అనుకున్నట్టు.

మావయ్య: మరి 2017లో జిందర్ మహల్‌ని ఛాంపియన్‌ని చేశారుగా?

కోడలు: కెనడాలో పుట్టిన పంజాబీ. మే నెలలో రాండీ ఆర్టన్‌ని ఓడించి బెల్టు తీసుకుంటే నేనూ ఈల వేశాను. ఆ తర్వాత ఏం చేయించారు? మైకు పట్టుకుని పంజాబీ మాట్లాడటమే అతని దుర్మార్గమైపోయింది. ఆ భాష వినపడగానే అమెరికా జనం కేకలేయాలి, అదీ కథ. సెప్టెంబరులో జపానువాడైన నకమురా ముఖాన్ని అతని చేతే వెక్కిరింపించారు. మరీ ఎక్కువైందని అక్కడి జనమే అరిచారు. నవంబరులో బెల్టు పోయింది. డిసెంబరులో ఢిల్లీ తీసుకొచ్చి, మనవాళ్ళ ముందే అమెరికావాడైన ట్రిపుల్ హెచ్ చేతిలో ఓడించి, ఆపైన ఇద్దరి చేతా భాంగ్రా ఆడించారు. మన ఊరి నాటకంలో ఏటా ఒకే వీధివాళ్ళకి రాక్షసుడి వేషమిస్తే ఆ వీధి ఊరుకుంటుందా?

మావయ్య: రాక్షసుడు లేకపోతే నాటకమే లేదు. పేరు కూడా ఆ వేషానికే వస్తుంది. సరే, కోఫీ కింగ్‌స్టన్ సంగతి చెప్పు. ఘానాలో పుట్టాడు, పదకొండేళ్ళు ఎదురుచూశాడు. 2019లో జనం గోల చేస్తేనే బెల్టిచ్చారు. వేషాలు పంచడానికి కమిటీ వేస్తే ఆ గోల పుడుతుందా?

కోడలు: పుట్టదు. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆరు నెలలకి బ్రాక్ లెస్నర్ ముందు పది సెకన్లు కూడా నిలబడనివ్వలేదు. జనం ఇప్పించినదాన్ని రాసేవాళ్ళు లాక్కున్నారు.

మావయ్య: అదే మా విజయనగరం రామ్మూర్తి అయితేనా...

కోడలు: మీ విజయనగరమా? పుట్టింది వీరఘట్టంలో! ఆయన పేరుతో స్టేడియం ఉన్నది మా శ్రీకాకుళంలో.

మావయ్య: వీరఘట్టం 2022 నుంచి మన్యం జిల్లా. ఆయన పుట్టేనాటికి మీ జిల్లానే లేదు, 1950లో వచ్చింది. డ్రిల్లు మాస్టారుగా చేసింది మా ఊళ్ళో.

కోడలు: సరే, ఆమదాలవలస మల్లీశ్వరి మాదేగా? 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. మీ కొండవెలగాడ ఆడపిల్లలూ బరువులెత్తుతున్నారు. వాళ్ళు ఈ టీవీ పెడితే ఏం చూడాలి? 2015లో ఆడవాళ్ళ మ్యాచ్ అర నిమిషంలో ముగించారు. జనం తిరగబడ్డాకే మారింది. 2019లో వాళ్ళ అన్నిటికన్నా పెద్ద షో రెసిల్‌మేనియాలో ఆఖరి మ్యాచ్, అంటే అసలు మ్యాచ్, ఆడవాళ్ళది. అంతకుముందే, 2017లో, మన కవితా దేవి సల్వార్ కమీజ్‌తో రింగులోకి దిగింది.

మావయ్య: గెలిచిందా?

కోడలు: ఆ టోర్నీ మొదటి రౌండులోనే ఓడించారు.

మావయ్య: ఓడింది అనవేం?

కోడలు: ఇందాకటి నుంచి చెప్తున్నది అదేగా మావయ్యా.