ఖాళీ సున్నాలు

వ్యాజ్యంలో గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడిస్తే, ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మన సామెత. మార్చి మొదటి శనివారం, సెంట్రల్ జెర్సీలో ఒక మిడిల్ స్కూల్ జిమ్‌లో, పదిమంది పిల్లలు అక్షరాలా కోర్టులోనే ఏడ్చారు. సెమీఫైనల్. 33-31. మా ఊరి ఏడో తరగతి ఆడపిల్లల బాస్కెట్‌బాల్ టీముకి ఈ ఏడు అక్కడితో సరి. ఆ పదిమందిలో ముగ్గురు మన తెలుగు పిల్లలు. ఒకతి మా ఇంటి పిల్ల.

స్కోర్ బుక్ రాసేది నేను. నవంబరులో ఎవరూ ముందుకు రాకపోతే ఒప్పుకున్నాను. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు అరవకూడదు, చప్పట్లు కొట్టకూడదు, రిఫరీని పల్లెత్తు మాట అనకూడదు. నన్ను అక్కడ కూర్చోబెట్టింది అందుకేనని మా వారు అందరికీ చెప్తుంటారు. పని పెద్ద కష్టమేం కాదు. బుట్టలో పడితే 2, గీత అవతల నుంచి పడితే 3. ఫౌల్ చేస్తే పేరు పక్కన పీ1, పీ2 అని కొట్టెయ్యాలి. పీ5 పడిందంటే ఆ పిల్ల ఇక బెంచీ మీదే. అవతలివాళ్ళ ఫౌలుకి బదులుగా ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డం రాకుండా గీత దగ్గర నిలబడి బుట్టలోకి విసిరే అవకాశం, ఇస్తే చిన్న సున్నా చుట్టాలి. బంతి పడితే సున్నాని పెన్సిల్‌తో నింపాలి. పడకపోతే ఖాళీగా వదిలెయ్యాలి.

ఆ రోజు మా పేజీలో 17 సున్నాలు. నిండినవి 6.

రెండు పాయింట్లతో ఓడిన ఆటలో పదకొండు ఖాళీ సున్నాలంటే ఇక చెప్పేదేముంది? పార్కింగ్‌లోనే పంచనామా మొదలైంది. పదిహేను అడుగుల దూరం, అడ్డం వచ్చేవాళ్ళు లేరు, గడియారం ఆగి ఉంటుంది, అవి కూడా వెయ్యలేకపోతే ఎలాగండీ అని ఒక నాన్నగారు. కారెక్కాక మా ఇంటి పంచనామా నేను మొదలుపెట్టాను. "రోజుకి ఇరవై వెయ్యమని డ్రైవ్‌వేలో హూప్ పెట్టించాం కదే!" వెనక సీట్లోంచి జవాబు లేదు. మా అత్తగారు ఇండియా నుంచి వచ్చి ఉన్నారు, ఆట మొత్తం చూశారు. ఆవిడ గొడవ వేరు. "అది కాదమ్మాయ్, పిల్లని అంతలా తోసేస్తుంటే ఆ చారల చొక్కా ఆయన ఈల ఊది ఊరుకుంటాడేంటి?"

చూడాల్సిన చోట చూసింది ఆవిడొక్కరే. ఆ సంగతి రాత్రి బుక్ తిరగేస్తే గానీ నాకు తెలియలేదు.

మొదటి ఆట పేజీ తీశాను. డిసెంబరు. 24 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడాం. ఆ పేజీలో మా వైపు సున్నాలు మూడంటే మూడు. ఫ్రీ త్రో ఎవరూ ఊరికే ఇవ్వరు. బంతి తీసుకుని బుట్ట కిందికి, తనకంటే జానెడు పొడుగున్న ముగ్గురి మధ్యకి దూరాలి. వాళ్ళలో ఎవరో మీద పడాలి. అప్పుడిస్తారు. డిసెంబరులో మా పిల్లలు బంతి చేతికొస్తే మూకుడు చుర్రుమన్నట్టు పక్కదానికి అంటగట్టేవాళ్ళు. లేదా దూరం నుంచి విసిరి దేవుడి మీద భారం వేసేవాళ్ళు. అలాంటిది మార్చిలో, ఒక్కో ఫౌలుకి రెండేసి చొప్పున లెక్కేసుకున్నా, తొమ్మిదిసార్లు ఆ గుంపులోకి దూరి దెబ్బ తిని లేచి గీత దగ్గర నిలబడ్డారు. అందులో నాలుగుసార్లు మా అమ్మాయే. కాస్ట్‌కోలో ఎవరి బండి వచ్చి తగిలినా తనే సారీ చెప్పే పిల్ల అది. ఇక ఖాళీ సున్నాలంటారా, చివరి క్వార్టర్‌కి కాళ్ళలో పస అయిపోయింది. బంతి వెళ్ళి వెళ్ళి రింగు ముందు అంచుకే తగిలింది.

మనం మార్కుల లిస్టు చదివే జనం. కింద టోటల్ చూస్తాం, పేజీ మూస్తాం.

ఆదివారం పొద్దున్నే ముగ్గురు తల్లుల వాట్సాప్ గ్రూపులో మెసేజ్. "వచ్చే ఏడు ఎయిత్ గ్రేడ్, ఆ పైన హైస్కూల్. ఇక చాలనుకుంటున్నామండీ." దాని వెనకే ఇంకొకటి: "ఎలాగూ స్కాలర్‌షిప్పులొచ్చే ఎత్తు కాదు మన పిల్లలు." నేను బొటనవేలు బొమ్మ పెట్టాను. ముందు రాత్రే బుక్ తిరగేసి, ఆ సున్నాల సంగతి తెలుసుకుని కూడా పెట్టాను. ఫైనల్‌కి వెళ్ళి ఉంటే ఆ మెసేజ్ వచ్చేది కాదు. ఇంకో మాట కూడా చెప్పాలి, గ్రూపులో నాకు తిట్లు తప్పవు. మాలో ఒకరి అబ్బాయి టీము ఈ ఏడు ఒక్క ఆట గెలవలేదు. వాడికి సమ్మర్ క్యాంపు బుక్ చేశారు. అబ్బాయి ఓడితే కొత్త కోచ్, అమ్మాయి ఓడితే "ఇక చాలు".

నా కథా అంతే. ఎనిమిదో తరగతిలో మా జిల్లా పరిషత్ హైస్కూల్ జట్టులో ఖోఖో ఆడాను. మండల పోటీల్లో ఓడిపోయాం. డ్రిల్లు మాస్టారు తలా ఒక గోళీసోడా తాగించి బస్సెక్కించారు. మర్నాడు మా నాన్న, "వచ్చే ఏడు నైన్తు, ఆ పైన టెన్తు. ఇంక ఆటలెందుకమ్మా" అన్నారు. తిట్టలేదు, ముద్దుగానే అన్నారు. నేను తలూపాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఇక్కడ, ఇంకో పిల్ల తరఫున మళ్ళీ తలూపాను. అక్కడ టెన్తు, ఇక్కడ హైస్కూల్, అంతే తేడా.

ఇక్కడివాళ్ళు పుట్టుకతోనే ఆడపిల్లల్ని ఆడనిచ్చారనుకోకండి. 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో నెయిస్మిత్ ఈ ఆట కనిపెట్టాడు. మరుసటేడే పక్కనున్న నార్తాంప్టన్‌లో, స్మిత్ కాలేజీ అమ్మాయిలకి సెండా బెరెన్సన్ నేర్పింది. ఆవిడదీ వలస కుటుంబమే, చిన్నప్పుడు లిథువేనియా నుంచి బోస్టన్ వచ్చినవాళ్ళు. అయితే అమ్మాయిలు అలిసిపోకూడదు, మీద మీద పడకూడదని కోర్టుని మూడు ముక్కలు చేసింది. ఎవరి ముక్కలో వాళ్ళే ఆడాలి. ఆ గీతలు ఎంత మొండివంటే, అయోవా హైస్కూళ్ళలో అమ్మాయిలు సగం కోర్టు దాటకుండా ఆడే పద్ధతి 1993 దాకా సాగింది. 1972లో చదువుల దగ్గర ఆడామగా తేడా చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం వచ్చేనాటికి దేశం మొత్తంలో హైస్కూల్ ఆటల్లో ఉన్న అమ్మాయిలు మూడు లక్షలు కూడా లేరు. ఇప్పుడు ముప్ఫై లక్షలు దాటారు. అదే అయోవాలో పుట్టిన కెయిట్లిన్ క్లార్క్ ఆడిన 2024 కాలేజీ ఫైనల్‌ని, మగపిల్లల ఫైనల్ కంటే ఎక్కువమంది టీవీలో చూశారు. ఆ ఆటలో ఆమె జట్టు సౌత్ కరోలినా చేతిలో 87-75తో ఓడిపోయింది.

మన తెలుగు సంఘం వేదిక మీద పి.వి. సింధు పేరు ఎత్తని సంక్రాంతి ఉండదు. బాగానే ఉంది. కానీ ఆ పేరు తల్చుకునేటప్పుడు 2017 గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ కూడా గుర్తుండాలి. జపాన్ అమ్మాయి ఒకుహరతో 110 నిమిషాలు ఆడి ఓడింది. మరుసటేడు నాన్‌జింగ్‌లో ఇంకో ఫైనల్, ఇంకో ఓటమి. 2019 బాసెల్‌లో అదే ఒకుహర మీద 21-7, 21-7తో గెలుపు. ఆమె తల్లీ తండ్రీ ఇద్దరూ వాలీబాల్ ఆడినవాళ్ళు. మా వాట్సాప్ గ్రూపులో లేకపోవడం ఆ పిల్ల అదృష్టం.

ఇంక సంఘం దగ్గరికొద్దాం. చలికాలమంతా ఆదివారం సాయంత్రాలు మగవాళ్ళ వాలీబాల్‌కి జిమ్ అద్దెకి తీసుకుంటాం. వేసవిలో క్రికెట్ కప్పు. ఆడవాళ్ళకి ముగ్గులు, ఆడపిల్లలకి పద్యాలు, స్పెల్లింగ్ పోటీ. ముగ్గుల మీద నాకేం కోపం లేదు, రెండేళ్ళ క్రితం రెండో బహుమతి నాదే. ఆ జిమ్‌లో రెండో బుట్ట కింద సగం కోర్టు ఖాళీగానే ఉంటుంది, కుర్చీలూ చెప్పులూ పెట్టుకుంటాం. ఆ సగం గంటసేపు ఆడపిల్లలకి ఇవ్వమని ఆటల కమిటీని అడిగాను. "ఎంతమంది వస్తారండీ?" అన్నారు. పదిహేనేళ్ళ కిందట వాలీబాల్ మొదలుపెట్టినప్పుడు ఎంతమంది వచ్చారో ఎవరైనా లెక్కపెట్టారా? నలుగురొచ్చారు. ఒకరు మా వారే, అందుకే తెలుసు. అడిగింది ఇంకా బల్ల మీదే ఉంది కాబట్టి ఇక్కడ అచ్చులో మళ్ళీ అడుగుతున్నాను.

ఆ వారం పిజ్జా పార్టీలో కోచ్‌కి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించాను. ఆవిడ నవ్వి, జనవరి నుంచీ ఆ సున్నాలే లెక్కపెట్టుకుంటున్నానంది. ఇంటికొచ్చాక మా అమ్మాయికి చూపించాను. ఖాళీ సున్నాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. "ఇది షార్ట్. ఇది కూడా షార్ట్. ఇది మాత్రం రింగ్ చుట్టూ తిరిగి బయటికెళ్ళిపోయింది అమ్మా, నువ్వు చూశావా?" చూడలేదు, నేను తల వంచుకుని సున్నా చుడుతున్నాను. తర్వాత బుక్ మూసి, "స్ప్రింగ్‌కి నా పేరిచ్చావా?" అంది.

రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరు దాకా ఉంది. ముగ్గురిలో ఇద్దరి పేర్లు ఇచ్చేశాం. మూడో పిల్ల వాళ్ళమ్మగారు ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదువుతారు.