గీసేదీ యంత్రమే, దిద్దేదీ యంత్రమే

బెంగళూరు డిజైన్ కేంద్రాల్లో విమాన భాగాల మీద, కార్ల విడిభాగాల మీద పనిచేసే తెలుగువారు చాలామందే ఉన్నారు. భారమెంత, బిగింపు ఎక్కడ, బరువు ఎంత దాటకూడదు అన్నది చెబితే చాలు, ఒక బ్రాకెట్‌కు (భాగాన్ని పట్టి ఉంచే ఊతానికి) కంప్యూటర్ తెల్లారేసరికి వందల ఆకృతులు గీసి పెడుతోంది. అన్నింటినీ మనిషి చూడలేడు కనుక మార్కులు వేసే పనీ ప్రోగ్రాముకే అప్పగిస్తున్నారు. గీయడం గురించి జరుగుతున్నంత చర్చ దిద్దడం గురించి జరగడం లేదు. అసలు ఇంజినీరింగ్ ఇప్పుడు ఉన్నది అక్కడే.

ఎంసెట్ కోచింగ్ దాటివచ్చినవారికి ఇది వివరించనక్కర్లేదు. పాఠం పక్కనపెట్టి ప్రశ్నపత్రం తీరు పట్టుకునే విద్యార్థిలాగే, అల్గారిథం కూడా మూల్యాంకనంలోని సందులను వెతుక్కుంటుంది. బరువు తగ్గితే మార్కులు పెరుగుతాయని చెప్పి కంపనాల ఊసెత్తకపోతే, తేలికగా ఉండి, భారం మోసి, ఇంజిన్ ఒక వేగం అందుకోగానే వణికి పగిలే భాగాన్నే అది మొదటి ర్యాంకుతో ముందుంచుతుంది.

మూల్యాంకనమే తప్పితే ఏమవుతుందో నార్వే చూసింది. 1991 ఆగస్టు 23న సముద్రంలో గ్యాస్ వెలికితీయడానికి కడుతున్న స్లైప్నర్-ఎ వేదిక కాంక్రీటు పునాదిని పరీక్ష కోసం నీటిలోకి దించుతుండగా గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. నిర్మాణాన్ని చిన్న ముక్కల వలగా విడగొట్టి లెక్కకట్టే ఫైనైట్ ఎలిమెంట్ విశ్లేషణలో ఆ వల (మెష్) ముతకగా వేయడంతో కీలకమైన చోట షియర్ స్ట్రెస్ (కోతలా పనిచేసే ఒత్తిడి) 47 శాతం తక్కువగా తేలింది. దానికి తోడు ఇనుప చువ్వల అమరికా చాలలేదు. ప్రమాదం తర్వాత అదే పద్ధతిలో జాగ్రత్తగా లెక్క కడితే 62 మీటర్ల లోతులో పగలాలని వచ్చింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర! అంటే పద్ధతి మంచిదే, దాన్ని వాడిన తీరులోని తప్పును పట్టుకున్నవారే లేరు. అక్కడ గీసింది మనుషులు కనుక ఆ పొరపాటు ఒక్క డిజైన్‌తో ఆగింది. అదే ముతక మెష్‌తో యంత్రం వేల డిజైన్లను వడపోస్తే, ఆ లోపాన్ని వాడుకున్నవే పైకి తేలుతాయి.

సంక్లిష్ట వ్యవస్థల్లో మరో చిక్కుంది. 1996లో ఐరోపా రాకెట్ ఏరియన్-5 తొలి ప్రయోగం విఫలమైనది దాని ముందుతరం రాకెట్ ఏరియన్-4లో బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ వల్లనే. కొత్త రాకెట్ ప్రయాణ మార్గంతో దాన్ని పరీక్షించలేదు. విడిగా నూటికి నూరు తెచ్చుకున్న భాగాలు కలిపితే పాస్ కావాలని లేదు.

కాబట్టి యంత్రాన్ని పక్కన పెట్టాలని కాదు. 2006లో నాసా ఎస్‌టీ-5 ఉపగ్రహాలపై ఎగిరిన యాంటెన్నాను పరిణామ అల్గారిథమే (ఆకృతులను మార్చిమార్చి మెరుగైనవాటినే తరతరాలుగా నిలిపే ప్రోగ్రామే) రూపొందించింది. వంకర్లు తిరిగిన ఆ తీగను ఏ ఇంజినీరూ తనంతట తాను గీసి ఉండడు. అయితే సిమ్యులేషన్ మార్కులతో సరిపెట్టకుండా, నమూనా తయారుచేసి ప్రయోగశాలలో కొలిచాకే పంపారు.

సాఫ్ట్‌వేర్ లైసెన్సులకు ధారాళంగా ఖర్చుపెట్టే సంస్థలు కంపన పరీక్ష బల్లకు వచ్చేసరికి చేయి బిగిస్తాయి. అంతకన్నా చవకైన పరీక్ష ఒకటుంది. గతంలో వాడుకలో విరిగిన భాగాల ఫైళ్లు ప్రతి కార్యాలయంలోనూ మూలుగుతుంటాయి. అవి విరిగినవని చెప్పకుండా ఆ డిజైన్లను మార్కులు వేసే ప్రోగ్రాముకు ఇచ్చి, ఎన్నింటిని పాస్ చేస్తుందో ముందు చూడాలి.