సింగడు కాలెత్తాడు

(టెక్కలి దగ్గర మా ఊరు. కార్తీక సోమవారం, మిట్టమధ్యాహ్నం. జీడితోట కంచె పక్కన మా పెదనాన్న మడిచిన గొడుగు భుజానికి ఆనించి నిలబడ్డాడు. ఆయనకి నాలుగడుగుల ముందు వాళ్ళ కుక్క సింగడు, కుడి ముందరికాలు గాల్లోకి ఎత్తి, ఎదురుగా ఉన్న తుప్పని చూస్తున్నాడు. ఇద్దరిలో ఒక్కరూ కదలరు. గోడ ఇవతల మేడ మీద వడియాలకి కాపలా ఉన్న నాకు అన్నీ కనబడుతున్నాయి. పెద్దమ్మ వచ్చింది.)

పెద్దమ్మ: ఏటండీ ఇది? పులుసు చల్లారిపోనాది.

పెదనాన్న: ష్...

పెద్దమ్మ: ష్ ఏటి? కుక్కకి కాలు నొప్పి సరే, మీకేటి, నోరు నొప్పా?

పెదనాన్న: (గుసగుసగా) నొప్పి కాదే. పాయింటు. తుప్పలో కౌజు పిట్ట ఉంది. మనవాడికి వాసన తగిలింది. అమెరికాలో మన పెద్దోడు వెళ్తున్నాడే వేటకి, అక్కడి కుక్కలు అచ్చం ఇలాగే నిలబడతాయట. కాలెత్తి, తోక సాచి.

పెద్దమ్మ: వీడి తోక వేలాడతన్నాది.

పెదనాన్న: దేశవాళీ కదా. తోక తరవాత నేర్చుకుంటాడు.

పెద్దమ్మ: పల్లేరుకాయ గుచ్చుకున్నాదండీ వాడికి. పొద్దున్న కళ్ళం నుంచి కుంటుకుంటూ వొచ్చినాడు, నేను సూసినాను.

పెదనాన్న: కుంటడం కాదు. అడుగులో అడుగేసుకుంటూ పొంచి నడిచాడు. నీకు తేడా తెలీదు.

పెద్దమ్మ: నలభై ఏళ్ళు మీతో కాపురం చేసినాను, తేడాలు నాకు తెలీవా?

పెదనాన్న: మెల్లిగా మాట్లాడవే, పిట్ట లేచిపోతుంది! అసలు ఆ సౌత్ డకోటాలో ఏమవుతుందో తెలుసా? అక్టోబరు మూడో శనివారం ఫెజంట్ల వేట మొదలవుతుంది. కోసేసిన మొక్కజొన్న చేలల్లో జనం నారింజరంగు చొక్కాలు వేసుకుని వరసగా...

పెద్దమ్మ: ఫెజంటంటే ఏటి?

పెదనాన్న: నెమలికీ కోడికీ చుట్టం. మెడకి తెల్ల పట్టీ ఉంటుంది, రంగురంగుల పుంజు. అసలు అది చైనాది. 1881లో ఓడెక్కించి అమెరికాకి పంపారు. ఇప్పుడు ఆ రాష్ట్రానికి అదే రాష్ట్ర పక్షి, 1943 నుంచి.

పెద్దమ్మ: రాష్ట్ర పక్షి అని పేరెట్టి కాల్చుకు తింటారా? మనం దసరాకి పాలపిట్ట కనబడితే దండం పెట్టుకుంటాం.

పెదనాన్న: లెక్క ఉంది దానికి. మనిషికి రోజుకి మూడే. అదీ పుంజునే కొట్టాలి, పెట్ట జోలికి వెళ్ళకూడదు.

పెద్దమ్మ: సూడండి మరి! పెట్ట జోలికి పోకూడదని తుపాకీ పట్టినోడికి తెలుసు. నా నల్లపెట్టని ఎత్తుకుపోయి కూరొండీసిన ఆ పక్కింటి కోడలికి తెలీలేదు.

పెదనాన్న: (గొడుగు ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని) ఆ సంగతి ఇప్పుడెందుకులే.

పెద్దమ్మ: ఎందుకేటి? బోరింగు దగ్గర నలుగురిలో అడిగీసినాను. నోరెత్తలేదు. ఉంటే కదా ఎత్తడానికి? సరే గానీ, కార్తీకమాసంలో మీకు ఈ వేట గోలేటి? కౌజు ఈక ఊడినా ఫారెస్టోళ్ళు పట్టుకుపోతారు. 1972 నుంచీ చట్టం ఉన్నాదని మీరే కాదా నాకు చదివి వినిపించినారు? అక్కడ తేలినీలాపురంలో చెట్ల నిండా గూడబాతులు దిగుంటే, ఆడపిల్లలు పురిటికి వొచ్చినట్టు సూసుకుంటన్నారు ఊరోళ్ళు. మీరేమో గొడుగెత్తుకుని...

పెదనాన్న: నా దగ్గర తుపాకీ ఏదే? గొడుగేగా!

పెద్దమ్మ: గొడుగుతో ఏటి చేస్తారు?

పెదనాన్న: పిట్ట లేవగానే తెరుస్తాను.

పెద్దమ్మ: తెరిచి?

పెదనాన్న: మూస్తాను.

(పెద్దమ్మ కాసేపు ఏమీ అనలేదు. ఆవిడకి మాట అందకపోవడం నేను చూడ్డం అరుదు.)

పెదనాన్న: పిట్ట దొరకడంలో లేదే ఆ ముచ్చట. కుక్కలో ఉంది. గాలికి ఎదురు ముక్కెత్తి, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి చేనంతా అడ్డంగా కోసుకుంటూ పరిగెడుతుందట. పరిగెడుతూ పరిగెడుతూ ఠక్కున ఆగిపోతుందట. అప్పుడు మనిషి దాన్ని దాటి ముందుకెళ్ళి పిట్టని లేపాలి. రెక్కలు కొట్టినా, తుపాకీ పేలినా అది కదలకూడదు. వెళ్ళు అన్నాకే వెళ్ళి, పన్ను గాటు పడకుండా నోట కరిచి తేవాలి. మనోడు తుపాకీ ముట్టుకోడు. ఆఫీసులో స్నేహితుడి కుక్కని చూడ్డానికే పొద్దున్నే లేచి వెళ్తాడు.

పెద్దమ్మ: ఆ గుంటడే! ఇక్కడున్నన్నాళ్ళూ సింగడికి ఇంత అన్నం పెట్టరా అంటే పెట్టినాడు కాదు.

పెదనాన్న: సింగడు కాదు. మేజర్.

పెద్దమ్మ: పేరు మారిస్తే ముల్లు ఊడిపోద్దా?

పెదనాన్న: ట్రైనింగు ఇచ్చానే వాడికి! దారానికి రెక్క కట్టి ముందు ఆడించాలన్నాడు పెద్దోడు. గాలం కర్రకి కాకి ఈక కట్టి వారం రోజులు ఆడించాను.

పెద్దమ్మ: సూసినాను. మీరు ఆడతన్నారు, వాడు పడుకున్నాడు.

పెదనాన్న: ఆపడానికి 'హో' అనాలి. అది కూడా నేర్పాను.

పెద్దమ్మ: మా నాయన ఎడ్లని ఆపిందీ 'హో' అనే. దానికి అమెరికా నుంచి ఫోను కావాలేటి?

పెదనాన్న: నోరు మెత్తన చెయ్యడం మాత్రం కష్టమైంది. గుడ్డు పగలకుండా పట్టుకోవాలి...

పెద్దమ్మ: ఏ గుడ్డు?

పెదనాన్న: కొన్న గుడ్డు.

పెద్దమ్మ: ఎక్కడ కొన్నారు?

పెదనాన్న: ష్! చెవులు రిక్కించాడు చూడు!

పెద్దమ్మ: ఈగ వాలింది. అయినా ఒక్క మాట చెప్పండి. మొన్న పైడితల్లి సిరిమానుకి మా విజయనగరం తీసుకెళ్ళండి అంటే మోకాళ్ళు నిలబడనివ్వవు అన్నారు. ఇవి ఆ మోకాళ్ళేనా?

పెదనాన్న: అక్కడ జనం తోసేస్తారే.

పెద్దమ్మ: ఇక్కడ సింగడు తొయ్యడు, అంతేనా? మా అమ్మ పండక్కి రండి రండి అని కబురెట్టినాది. సిరిమాను ఏడాదికి ఒక్క మంగళవారం. వీడు రోజూ కాలెత్తుతాడు, కరెంటు స్తంభం దగ్గర సూడండి. (అంటూనే భుజం మీది తువ్వాలు తీసి ఆయన నెత్తిన కప్పింది.) ఎండ. మళ్ళీ రాత్రి తలనొప్పి అని నన్నే లేపుతారు.

పెదనాన్న: నువ్వు పొద్దుట్నుంచీ ఉపవాసం. నీడకి వెళ్ళు.

పెద్దమ్మ: మీరు తింటే నేను వెళ్తాను.

పెదనాన్న: వీడు వదిలితే నేను వస్తాను.

(ఇలా కుదరదనుకుంది కాబోలు. పెద్దమ్మ కొంగు నడుముకి దోపి, సింగడి పక్కన చతికిలబడి, ఎత్తిన కాలు పట్టుకుంది. పెదనాన్న 'హో! హో!' అన్నాడు. సింగడు కదల్లేదు, పెద్దమ్మా ఆగలేదు. మరుక్షణం ఆవిడ వేళ్ళ మధ్య పల్లేరుకాయ.)

పెద్దమ్మ: ఇదిగో మీ కౌజు. వేయించమంటారా, పులుసు పెట్టమంటారా?

(పెదనాన్న మొహం చిన్నబోయింది. సింగడు కాలు కింద పెట్టి, పెద్దమ్మ చెయ్యి నాకాడు. ఆవిడకి ఆయన్ని చూస్తే జాలేసినట్టుంది.)

పెద్దమ్మ: పోనీలెండి. వీడికి మీరంటే ఉన్న గౌరవం కాపోతే, ముల్లు గుచ్చుకుని కూడా ఇంతసేపు నిలబడతాడేటి?

పెదనాన్న: నిజమేనంటావా?

పెద్దమ్మ: లేదు. కదల్లేక నిలబడ్డాడు. రండి, అన్నం...

(ఆవిడ మాట పూర్తి కాలేదు. సింగడు మళ్ళీ తుప్ప వైపు తిరిగాడు. మళ్ళీ అదే కాలు ఎత్తాడు. ఈసారి తోక కూడా నిటారుగా లేచింది. పెదనాన్న ఒక్క అంగలో వాణ్ణి దాటి తుప్పని కాలితో తట్టాడు. 'కొక్కొక్కొక్కో' అని ఊరంతా వినబడేలా అరుస్తూ లేచింది నల్లపెట్ట. ఆయన గొడుగు టప్పున తెరిచాడు. పెద్దమ్మ 'ఓలమ్మా' అని కూలబడింది. ఇంత జరిగినా సింగడు మాత్రం కదల్లేదు. అది నేను ఎక్కడైనా సాక్ష్యం చెప్తాను.)

పెదనాన్న: పాయింటు! పాయింటే ఇది! పెద్దోడికి ఫోను చెయ్యాలి!

పెద్దమ్మ: (తుప్పలో చూస్తూ) నా తల్లే... గుడ్లు పెట్టుకుని పొదుగుతున్నాది. ఇంట్లో గంప ఉండగా నీకు ఈ ముళ్ళలో పొదుగేటే?

పెదనాన్న: పెట్ట అన్నాక ఎక్కడో అక్కడ...

పెద్దమ్మ: గంపలో గుడ్లు మాయమైపోతంటే, దాచుకోడానికి ఇక్కడికి వొచ్చినాది. (ఆగి, మెల్లిగా తలెత్తి) కొన్న గుడ్డు అన్నారు కాదా?

పెదనాన్న: (గొడుగు చాటుకి జరిగి) నాలుగే తీశాను. మూడు వాడు తినేశాడు. ఒకటి మాత్రం నిజంగా పగలకుండా గుమ్మం దాకా తెచ్చాడే!

పెద్దమ్మ: నాలుగు గుడ్లకి నేను పక్కింటి కోడల్ని నలుగురిలో దొంగని చేసీసినాను!

పెదనాన్న: తొందరపడ్డావు. వెళ్ళి ఒక మంచి మాట చెప్పి రా.

పెద్దమ్మ: నేనెందుకెళ్తాను? మీరే వెళ్ళండి. నిలబడ్డం మీకు బాగా వొచ్చును కాదా, ఆవిడ గుమ్మం ముందు కుడికాలు ఎత్తి నిలబడండి. చీపురు తీసినా కదలకండి. నేను 'హో' అన్నాకే రావాలి.