పబ్బుకో రూలు, ఇడ్లీ బండికో రూలా?

వరంగల్ నగరంలో భాగమైన హన్మకొండలో రాత్రి పూట తిండి బండ్లు తీసేయాలన్న మాట మళ్లీ మొదలైంది. కారణాలు ఎప్పటివే: ట్రాఫిక్, సుందరీకరణ, రోడ్డు వెడల్పు, పెద్దవాళ్ల పర్యటన. ఏ చౌరస్తాలో ఏం జరుగుతోందో, పదిన్నర కాగానే బండ్లు మూయమని పోలీసు బండి మైకులో ఎట్లా వినిపిస్తుందో పాఠకులకు మేం విడమరిచి చెప్పక్కర్లేదు, చాలామంది ప్లేటు చేతిలో పట్టుకుని ఆ మైకు విన్నవాళ్లే. మేం అడిగేది ఒక్కటే. రాత్రి పదకొండు దాటాక తెరిచి ఉన్న దుకాణం హైదరాబాద్‌లో అభివృద్ధి అయినప్పుడు వరంగల్‌లో న్యూసెన్స్ ఎట్లా అవుతుంది? అద్దాల తలుపు ఉంటే పెట్టుబడి, నాలుగు చక్రాలుంటే ఆక్రమణ. ఈ లెక్క ఎవరు రాశారు?

ప్రభుత్వం ఇదివరకు ఏం చెప్పిందో గుర్తు చేయాల్సి వస్తోంది. ఏడాదికి 10 వేల రూపాయల ఫీజు కడితే దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని 2023 ఏప్రిల్‌లో ఉత్తర్వు వచ్చింది. 2024 జూన్‌లో హైదరాబాద్‌లో రాత్రి పదిన్నర, పదకొండుకే షాపులు మూయిస్తున్నారని పెద్ద లొల్లి అయ్యింది. ఆ ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలోనే లేచి, మద్యం దుకాణాలు తప్ప మిగతావి ఒంటిగంట దాకా నడుపుకోవచ్చని చెప్పారు. అదే ఏడాది మొదట్లో మాదాపూర్ వైపు ఒక భోజనం బండిని ట్రాఫిక్ పేరుతో తీయిస్తే సీఎం కలగజేసుకుని మళ్లీ అక్కడే పెట్టించారు. మంచి పని, అందరూ మెచ్చుకున్నారు. కానీ ఆ బండికి సోషల్ మీడియా అండ ఉంది. మా చౌరస్తాలో దోసెలు పోసే ఆమెకు ఏ యూట్యూబ్ చానెలూ లేదు. కెమెరా ఉన్న బండికి ఒక న్యాయం, లేని బండికి ఇంకో న్యాయం అంటే దాన్ని పాలన అనరు.

అసలు ఈ ఊరికి రాత్రి కొత్త కాదు. ఎంజీఎం ఆసుపత్రి ముందు పదకొండు గంటలకు ఒకసారి నిలబడి చూడండి. ఏటూరునాగారం నుంచో, భూపాలపల్లి అవతల నుంచో పేషెంటును తెచ్చినవాళ్లు పొద్దుటి నుంచి స్కానింగ్ కాడ, రక్తం కాడ తిరిగి తిరిగి అప్పుడు బయటికొస్తారు. ఒక చేతిలో స్టీలు డబ్బా, ఇంకో చేతిలో మందుల చీటీ. వాళ్లలో ఒకడు నాలుగు ఇడ్లీలు కట్టించుకుని, "చట్నీ వద్దక్కా, జరన్ని వేడినీళ్లు పొయ్యి, లోపల మా అమ్మకు" అంటాడు. బండి ఆమె డబ్బా కడిగి మరీ పోసిస్తుంది, నీళ్లకు పైసలు తీసుకోదు. ఆ టైముకు ఆ మనిషికి ఏ రెస్టారెంటు పనికొస్తుంది, ఏ యాప్ పనికొస్తుంది? ఆ బండిని పదిన్నరకు మూయించిన మర్నాడు ఆసుపత్రి ముందు రోడ్డు ఫొటోలో శుభ్రంగానే కనబడుతుంది, వార్డులో ముసలామె మాత్రం ఖాళీ కడుపుతో పడుకుని ఉంటుంది.

ఎనుమాముల మార్కెట్ సంగతీ అంతే. మిర్చి సీజన్‌లో రైతులు ముందు రోజు రాత్రే బస్తాలు తెచ్చి, వాటి పక్కనే తువ్వాల పరుచుకుని పడుకుంటారు. వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి పేరు మీద ప్రత్యేక పంటగా గుర్తింపు, వచ్చిందని మనమంతా సంబరపడ్డాం. ఆ మిర్చి పండించి తెచ్చిన మనిషి రాత్రి రెండింటికి ఒక చాయ్ తాగాలంటే ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. కాజీపేట జంక్షన్‌లో అర్ధరాత్రి రైలు దిగేవాళ్లు, డ్యూటీ దిగే లోకో పైలట్లు, మెస్ మూశాక పుస్తకం పక్కన పెట్టి బయటికొచ్చే నిట్, కాకతీయ యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ పిల్లలు, పెట్రోలింగ్ చేసే కానిస్టేబుళ్లు కూడా, వీళ్లందరూ తినేది ఆ బండ్ల కాడే. మేడారం జాతర అప్పుడు హన్మకొండ రోడ్లు తెల్లవార్లూ మేలుకునే ఉంటాయి. రంజాన్ నెలలో మండిబజార్ నిద్రపోదు. బతుకమ్మ రోజుల్లో వేయిస్తంభాల గుడి దగ్గర ఆడబిడ్డలు పొద్దుపోయేదాకా ఆడతారు. అప్పుడు అడ్డురాని శాంతిభద్రతలు మామూలు మంగళవారం రాత్రి ఇడ్లీ పాత్ర చూడగానే ఎందుకు గుర్తొస్తాయి?

అభ్యంతరాలు లేవని కాదు. రోడ్డు ఇరుకవుతుందని, చెత్త పేరుకుంటుందని, తాగినవాళ్లు గొడవ చేస్తారని, పక్క అపార్ట్‌మెంట్లలో నిద్ర ఉండదని అంటారు, అందులో కొంత నిజమే. కానీ వీటిలో దేనికీ మందు బండిని ఎత్తేయడం కాదు. తాగి గొడవ చేసేవాడు తాగింది బండి కాడ కాదు. 2025 సెప్టెంబర్, అక్టోబర్‌లలో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంది, ఒక్కో దరఖాస్తుకు తిరిగి రాని ఫీజు 3 లక్షలు, దరఖాస్తులు 95 వేలు దాటాయి. ఆ వచ్చిన వేల కోట్లు ఖజానాకు తీపి. మద్యం దుకాణం పక్కనే తాగనిచ్చే పర్మిట్ రూమ్ నుంచి తూలుతూ బయటికొచ్చినవాడు చేసే గొడవకు మాత్రం దోసె బండి మూతపడాలా? ఆహార భద్రత అంటారా, తనిఖీ చేయండి, వద్దన్నది ఎవరు? 2024 అక్టోబర్ చివర్లో పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను రాష్ట్రంలో ఏడాది పాటు నిషేధించారు. ప్రమాదం దేంట్లో ఉందో చూసి దాన్ని ఆపారు, అమ్మేవాళ్లను ఊళ్లోంచి వెళ్లగొట్టలేదు. పని అట్లా చేయాలి.

ఇక చట్టం. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, చదివితే గంట పట్టదు. సర్వే పూర్తిచేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. జాగా మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సామాను స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి ఇవ్వాలి, అడిగితే చెడిపోయే సరుకు ఆ రోజే, చెడిపోనిది రెండు పనిరోజుల్లో వదిలేయాలి. రద్దీగా ఉందన్న ఒక్క కారణంతో ఒక చోటును నో వెండింగ్ జోన్, అంటే అమ్మకాలు నిషేధించిన చోటు, చేయడానికి వీల్లేదని కూడా అందులో రాసే ఉంది. మరి జరిగేదేంటి? ట్రాక్టర్ వస్తుంది. పొయ్యి మీద పెనం ఇంకా కాలుతూనే ఉంటుంది, సిలిండర్ పైపు గుంజుతారు, రుబ్బిన పిండి బకెట్ ట్రాలీలో పక్కకు ఒరిగి సగం ఒలికిపోతుంది, ఆమె మిగిలిన ప్లేట్లు కొంగులో ఎత్తుకుని వెనకాల ఉరుకుతుంది. జాబితా లేదు, రసీదు లేదు. బండి తిరిగి వచ్చేసరికి ఒక చక్రం వంగి ఉంటుంది. అదే ఆమెకు వీధి వ్యాపారులకు అప్పులిప్పించే పీఎం స్వనిధి పథకం కింద బ్యాంకు అప్పు ఇచ్చింది కూడా ఈ వ్యవస్థే. 2020 జూన్‌లో మొదటి విడత 10 వేలతో మొదలైన పథకం అది, 2025లో ఆ మొత్తాన్ని 15 వేలు చేసి 2030 మార్చి దాకా పొడిగించారు. ఒక చేత్తో అప్పిచ్చి ఫొటో దిగుతారు, ఇంకో చేత్తో ఆ అప్పుతో కొన్న బండిని ట్రాలీకి ఎక్కిస్తారు. కిస్తీ కట్టమని బ్యాంకువాళ్లు మాత్రం ఆగకుండా ఫోన్లు చేస్తారు.

బండ్లు తీసేసి ఆ జాగాలో మంచి ఫుడ్ కోర్టు కడతామని, నైట్ బజార్ తెస్తామని చెప్పేవాళ్లకూ మా జవాబు ఇదే. కట్టండి, కానీ ఎవరి కోసం? నెలకు వేలల్లో అద్దె, లక్షల్లో డిపాజిట్ పెట్టి షట్టర్ వేలం వేస్తే పొద్దున బండి తోసినామె ఆ వేలంలో ఎక్కడ నిలబడుతుంది? ఇండోర్‌లో ఛప్పన్ దుకాన్ అనే తిండి వీధిని బాగుచేసినప్పుడు అక్కడున్న దుకాణదారులను అక్కడే ఉంచి, వీధిలోంచి వాహనాలను తీసేశారు. అదే ఊళ్లో సరాఫా బజార్‌లో పగలంతా బంగారం అమ్ముతారు, షాపులు మూశాక అవే మెట్ల ముందు అర్ధరాత్రి దాటేదాకా తిండి అమ్ముతారు. అహ్మదాబాద్ మాణెక్ చౌక్‌దీ ఇదే తీరు. ఒకే జాగా పగలు ఒకరికి, రాత్రి ఇంకొకరికి, మన చట్టంలో కూడా ఈ వంతుల పద్ధతి ఉంది. సింగపూర్ 1970, 80ల్లో వీధి వ్యాపారులను హాకర్ సెంటర్లలోకి మార్చింది, నీళ్లు, కరెంటు, డ్రైనేజీ ఇచ్చి మరీ మార్చింది. 2020లో ఆ హాకర్ సంస్కృతికి యునెస్కో గుర్తింపు వచ్చింది. వాళ్లు తిండి అమ్మేవాళ్లను మధ్యలో పెట్టుకుని ప్లాన్ గీశారు. మన దగ్గర ముందు వాళ్లను తుడిచేసి తర్వాత ప్లాన్ గీస్తున్నారు.

వారసత్వం గురించి ఈ నగరంలో మాట్లాడినంత ఎవరూ మాట్లాడరు. వారసత్వ నగరాల కోసం కేంద్రం తెచ్చిన హృదయ్ పథకంలో మనం ఉండేవాళ్లం, స్మార్ట్ సిటీల్లో 2016లోనే చేరాం, 2021లో రామప్పకు యునెస్కో హోదా వస్తే పండగ చేసుకున్నాం. 50 ఏళ్లకు మించి వీధి వ్యాపారం నడుస్తున్న సహజ మార్కెట్లను వారసత్వ మార్కెట్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను కదిలించకూడదని 2014 చట్టంలో ఉంది. మండిబజార్, పాత వరంగల్ చౌరస్తా, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల అట్లాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో లెక్క తీయండి. రాయిని కాపాడతాం, మనిషిని కాపాడం అంటే ఒప్పుకోం.

పాఠకులతో కూడా ఒక మాట. ఈ విషయంలో తప్పు అధికారులది మాత్రమే కాదు. "రాత్రి పూట తిరిగేవాళ్లు మంచోళ్లు కాదు" అనే మాట మన ఇళ్లల్లోంచే వస్తుంది. కొడుకు గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసి రెండింటికి బిర్యానీ తింటే అది ఉద్యోగం, హన్మకొండలో నర్సు డ్యూటీ దిగి పదకొండున్నరకు బండి కాడ ఆగితే నలుగురి నోళ్లలో పడుతుంది. హైదరాబాద్ పబ్బులు వారాంతాల్లో ఒంటిగంట దాకా నడిస్తే రాష్ట్రానికి పేరొచ్చిందంటాం, మన గల్లీలో చాయ్ బండి పదకొండు దాకా ఉంటే కాలనీ సంఘం లెటర్‌హెడ్ మీద ఫిర్యాదు రాస్తాం. ఆడపిల్ల భద్రత అంటారు. మనుషులున్న రోడ్డు, లైటు వెలుగుతున్న బండి, పేరు పెట్టి పిలిచే ఒక అక్క, వీటికన్నా భద్రత రాత్రి పూట ఏముంటుంది? బండ్లన్నీ పోయి షట్టర్లు దించిన రోడ్డు మీద ఒంటరిగా స్కూటీ మీద వెళ్లే అమ్మాయిని అడగండి, ఎక్కడ టెన్షన్ పడుతుందో ఆమే చెబుతుంది.

హైదరాబాద్ తర్వాత వరంగలే అని ప్రతి సభలో అంటున్నారు. మామునూరు ఎయిర్‌పోర్టు వస్తుందంటున్నారు, టెక్స్‌టైల్ పార్క్, కాజీపేట రైల్వే ఫ్యాక్టరీ చూపిస్తున్నారు. ఫ్యాక్టరీ అంటే షిఫ్టులు, షిఫ్టులంటే రాత్రి ఆకలి. గోదావరిఖనిలో సింగరేణి సెకండ్ షిఫ్ట్ దిగేదే రాత్రి బాగా పొద్దుపోయాక, ఆ తర్వాత కార్మికుడు ఎక్కడ తినాలి? ఇవాళ హన్మకొండలో పదిన్నర గీత గీస్తే రేపు కరీంనగర్‌లో అదే గీస్తారు, ఎల్లుండి మంచిర్యాల, నిజామాబాద్‌లలో గీస్తారు, "వరంగల్‌లో చేశారు కదా" అన్న ఒక్క మాట చాలు. మా భయం అదే. ఒక ఊళ్లో అడిగేవాళ్లు లేక జరిగిన పని ఇంకో ఊళ్లో రూలై కూర్చుంటుంది, ఆ రూలు ఎప్పుడూ అద్దాల తలుపు దాకా వెళ్లదు, బండి చక్రం దగ్గరే ఆగుతుంది.

బల్దియా (నగరపాలక సంస్థ) పెద్దలకు, పోలీసు అధికారులకు సూటిగానే చెబుతున్నాం. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, చట్టం చెప్పిన కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులు అందులో ఎవరు, సర్వే జాబితాలో రాత్రి బండ్లు ఎన్ని, ఈ మూడూ జనానికి కనబడేట్టు గోడ మీద అంటించండి. అంతకుముందు ట్రాక్టర్ బయటికి తీసే హక్కు మీకు లేదు. ఎమ్మెల్యేలు, మంత్రులు, ఒంటిగంట మాట చెప్పింది మీ అసెంబ్లీలోనే కదా, ఆ ఒంటిగంట వరంగల్‌కు వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా తెప్పించండి. అది కూడా చేతకాకపోతే పేదవాళ్ల ప్రభుత్వమని ఈ చౌరస్తాల్లో ఫ్లెక్సీలు కట్టుకోవద్దు. కాన్వాయ్ పోతుందని ఒక ఆడమనిషి పిండి బకెట్ రోడ్డు మీద ఒలకబోయించిన అధికారికి ఆ రాత్రి ఇంట్లో అన్నం ఎట్లా సహిస్తోందో మాకు అర్థం కావడం లేదు.