స్కూల్ లెవీ: ఓటరుకు ఏ అంకె చూపించాలి?

అమెరికాలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు ముందుగా అడిగేది అది ఏ స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) కిందికి వస్తుందని. ఆ డిస్ట్రిక్ట్ అదనంగా ప్రాపర్టీ టాక్స్ (దీన్నే లెవీ అంటారు) వసూలు చేయాలంటే చాలా రాష్ట్రాల్లో ఓటర్లు ఒప్పుకోవాలి. మరి పన్ను అడిగేవాళ్లే దాని గురించి వివరిస్తే అది సమాచారమా, ప్రచారమా?

వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి గట్టి నిబంధన ఉంది. లెవీకి ఓటేయమని చెప్పడానికి డిస్ట్రిక్ట్ స్టేషనరీ, పోస్టేజీ, ఉద్యోగుల పనివేళలు వాడకూడదు. వాస్తవాలను మాత్రం ఇంటింటికీ పంపొచ్చు. డ్యూటీ అయ్యాక టీచర్లు సొంతంగా ప్రచారం చేసుకోవచ్చు. ఇది న్యాయమైన నియమం. లెవీ వద్దనేవాళ్ల డబ్బు కూడా ఆ ఖజానాలో ఉంది కదా.

కానీ ఎటూ మొగ్గకుండా చెబితే చాలదు, ఓటరుకు అర్థం కావాలి. ఒహాయోలో లెవీని మిల్లుల్లో లెక్కిస్తారు. మిల్లు అంటే డాలరులో వెయ్యోవంతు. 10 మిల్లుల లెవీ అయితే 'ప్రతి 100 డాలర్ల విలువకు 1 డాలర్' అని బ్యాలెట్‌పై ఉండేది. అది చదివితే లక్ష డాలర్ల ఇంటికి ఏటా 1,000 డాలర్లు అనుకోరా? నిజానికి పన్ను వేసేది ఇంటి విలువలో 35 శాతం మీదే. అంటే కట్టాల్సింది 350. బ్యాలెట్‌పై అబద్ధం ఒక్క ముక్క లేదు, అయినా ఓటరు దాదాపు మూడింతలకు బెదిరిపోతాడు. 2022లో వచ్చిన చట్టం దీన్ని సరిచేసింది. ఇప్పుడు లక్ష డాలర్ల మదింపు విలువకు (35 శాతం కాదు, అధికారులు కట్టిన ఇంటి పూర్తి విలువకు) ఎంత పడుతుందో బ్యాలెట్‌పైనే వేస్తున్నారు. మిగతా రాష్ట్రాలు అనుసరించాల్సింది ఈ పద్ధతినే.

టెక్సాస్ మరో దారి పట్టింది. 2019 నుంచి స్కూల్ బాండ్ (డిస్ట్రిక్ట్ తీసుకునే అప్పు) బ్యాలెట్‌పై 'ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు' అన్న వాక్యం తప్పనిసరి. పాత అప్పు తీరిపోతూ పన్ను రేటు పెరగని చోట కూడా అదే వాక్యం. ఎంత పెరుగుతుందో మాత్రం అందులో ఉండదు. వాషింగ్టన్‌లాగే డిస్ట్రిక్ట్‌ను పక్షం వహించొద్దని ఆపిన టెక్సాస్, బ్యాలెట్ మీద తానే ఒక పక్షం మాట్లాడుతోంది.

ప్రతి ఇంటి మదింపు విలువ స్థానిక అధికారుల దగ్గర ఉంటుంది. కాబట్టి ఆ ఇంటికి ఇప్పుడు పడుతున్న పన్నెంత, లెవీ గెలిస్తే ఎంత, ఓడితే ఎంత అని ఇంటింటికీ పంపే నోటీసులో మూడు అంకెలు వేయొచ్చు. ఇది కొత్త పన్నా, గడువు తీరుతున్న పాత లెవీకి కొనసాగింపా అన్నదీ చెప్పాలి. హెచ్1బీపై ఉన్న మనవాళ్లు పన్ను కడతారు గానీ ఓటేయలేరు. వాళ్లకూ ఈ నోటీసు అందాలి.