నోటు వెనక క్యూ

జేబులో వంద నోటుంటే తీయండి. లేకపోతే పక్కవాళ్ళనడగండి, ఫోనుతో పని జరిగే రోజులు కదా. వెనక్కి తిప్పండి. చిన్న గడిలో నోటు విలువ 15 భాషల్లో, 15 వరసలుగా కనిపిస్తుంది. భిన్నత్వంలో ఏకత్వమని ప్రతి ఆగస్టు 15కీ గొంతు చించుకునేది దీని గురించే. వెడల్పు రెండు వేళ్ళు.

హిందీ, ఇంగ్లీషు ఆ గడిలో ఉండవు. వియ్యాలవారు బంతిలో కూర్చోరు కదా! వాళ్ళకి పెద్దక్షరాల్లో వేరే పీటలు.

మిగిలిన 15లో మన తెలుగుది 14వ స్థానం. 2011 జనాభా లెక్కల్లో 8 కోట్ల 11 లక్షల మంది మాదన్న భాష! ఎవరి కుట్రోనని చాలారోజులు కుమిలిపోయాను. కుట్రేం లేదు. వరస ఏబీసీడీల ప్రకారం. భారతీయ భాషల్లో ఎవరు ముందో తేల్చడానికి పక్షపాతం లేని పెద్దమనిషి కావాలిగా, దొరసాని దొరికింది.

పట్టుదలగా కూర్చుని అఆల వరసలో రాసి చూశాను. అడుగునున్న ఉర్దూ ఒక్క గెంతులో రెండో స్థానానికొచ్చింది. తెలుగు తొమ్మిదికి ఎగబాకింది. సంస్కృతం అట్టడుక్కి జారింది. తమిళం మాత్రం ఆ లెక్కలోనూ సరిగ్గా మనకి ఒక్క మెట్టు పైనే. దాంతో నా ఉద్యమం చల్లారిపోయింది.

లోపలికే రానివాళ్ళ గోడు వేరు. భాషల్ని గుర్తించే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో 22 భాషలుంటే నోటు మీద, హిందీతో కలిపి, 16. సింధీ 1967లోనే షెడ్యూలెక్కింది, ఇంకా బయటే. 1992లో కలిసి ఎక్కిన మూడింట్లో కొంకణి, నేపాలీలకి సీటు దొరికింది, మణిపురి నిలబడే ఉంది. సంతాలీ మా భాషన్నవాళ్ళు 73 లక్షల మంది, దానికీ చోటు లేదు. సంస్కృతం అన్నవాళ్ళు 24,821 మంది, దానికుంది. చిల్లర దగ్గర మోసపోయేది ఎక్కువగా వాళ్ళే కాబోలు. గోండీకైతే షెడ్యూల్లోనే పేరు లేదు. ఆదిలాబాదు వైపు సంతలో గోండీలో బేరమాడొచ్చు, నోటుకి మాత్రం ఆ భాష రాదు.

మొన్న టీకొట్టులో ఫోనుతో డబ్బు కడితే పెట్టె హిందీలో అరిచింది. తెలుగు పెట్టరాదా అన్నాను.

“టీ కలిపే కుర్రాడిది ఒడిశా సార్, వాడికి తెలియాలి కదా.”

“అయితే ఒడియా పెట్టు.”

కుర్రాడు గిన్నెలోంచి తలెత్తాడు. “మాది సంతాలీ సార్.”

జేబులోంచి నోటు తీయబోయి, మళ్ళీ మడిచి పెట్టేసుకున్నాను.